ఇరవై నాలుగు రోజుల విశ్రాంతి

విశ్రాంతి గృహం, ఆరో నంబరు గది
రెండో రోజు

చెల్లీ,

చేరాం. దారిలో మా బొంగరం మూడుసార్లు వాంతి చేసుకుంది, నేను రెండుసార్లు, మీ బావ ఒకసారి. కడుపులో ఉన్నది ఒక్కటే బుద్ధిగా కూర్చుంది. ఆరో నెలలో కంపెనీ వ్యానులో మూడు గంటలు కుదుపులు తినడాన్ని విహారం అంటారని నాకు ఇప్పుడే తెలిసింది.

ఫోను చెయ్యలేదని తిట్టుకుంటూ ఉంటావు. బొంగరం వచ్చీ రాగానే నా ఫోనును నేల తుడిచే బకెట్లోకి స్నానానికి దింపింది. రెండేళ్ళు నిండాయి కదా, శుభ్రత వంటబట్టింది. మీ బావ ఫోనుకు సిగ్నలు రావాలంటే సముద్రంలోకి నడుము లోతు దాకా వెళ్ళి నిలబడాలట. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడికి రోజు విడిచి రోజు ఉతికిన దుప్పట్లు తెచ్చే బండి మన ఫ్యాక్టరీ గేటు మీదుగానే వస్తుంది. డ్రైవరు మంచివాడు, ఉత్తరాలు మోస్తానన్నాడు. మనుషుల్ని మాత్రం ఎక్కించుకోడట, ఉద్యోగం పోతుందట.

గది బాగానే ఉంది. కిటికీలోంచి సముద్రం కనపడుతుంది, గేటు దగ్గరి బోర్డు అడ్డం లేకపోతే ఇంకా కనపడేది. "ఇది కంపెనీ ఆవరణ. ఫ్యాక్టరీ నిబంధనలన్నీ ఇక్కడా వర్తించును" అని రాశారు. చూడగానే మీ బావ చేతిలో బీడీ పారేశాడు.

ఇక్కడ వాచ్‌మన్, గుమాస్తా, తోటమాలి అన్నీ ఒక ముసలాయనే. రిజిస్టరు తాతయ్య అని పేరు పెట్టాను. జరిగిన ప్రతిదీ రిజిస్టరులో రాస్తాడు, కింద కార్బను పెట్టి నకలు తీస్తాడు, రెండింటి మీదా కంపెనీ ముద్ర కొడతాడు. నిన్న "ఆరో గది, గాజు గ్లాసు ఒకటి, బాలిక పగలగొట్టినది" అని రాసి నకలు నా చేతిలో పెట్టాడు. ఆ ముద్ర పడే చప్పుడు బొంగరానికి తెగ నచ్చింది. రెండో గ్లాసు అందుకే పగిలిందని నా అనుమానం.

నా మిషను జాగ్రత్త. పెడలు వేళ్ళతో కాదు, మడమతో తొక్కు. పది రోజులు ఇట్టే గడిచిపోతాయి.

అక్క


కుట్టు విభాగం, నాలుగో లైను
నాలుగో రోజు, టీ విరామం

అక్కా,

క్షేమమా అని అడగను. ఆ కత్తెరగాడు పంపిన చోట క్షేమం ఎక్కడ ఏడుస్తుంది.

ఎంత ఆలోచించినా నాకు మింగుడుపడటం లేదు. బాత్రూముకిచ్చే ఐదు నిమిషాల్లో మూడు కత్తిరించే సూపర్‌వైజరు నీకు పది రోజుల విహారం కుట్టి ఇచ్చాడా? పోయిన నెల నీకు ఒళ్ళు కాలిపోతుంటే అరపూట ఇవ్వనివాడు. బొంగరం పుట్టినప్పుడు నువ్వు మేనేజరుతో కొట్లాడి పసిపిల్లల గది తెరిపిస్తే, ఆరు నెలలు తిరక్కుండా అందులో దారపు పెట్టెలు పేర్చినవాడు. "ఉత్తమ కుటుంబ బహుమతి" అట. నిన్ను స్టేజీ ఎక్కించి దండ వేస్తుంటే వాడి మొహం చూశావా? పాత మిషను అమ్మేసినప్పుడు కూడా అలాగే నవ్వాడు.

నీ సీటు మీద నన్నే బదిలీగా కూర్చోబెట్టారు. నాలుగేళ్ళుగా బదిలీనే కదా, ఎవరు రాకపోతే వాళ్ళ కుర్చీ నాది. ఈ ఫ్యాక్టరీలో నా పిర్రలు ఆనని కుర్చీ లేదు, నాదంటూ ఒక్కటీ లేదు. నీ కుర్చీ నాకు ఎత్తయింది. పెడలు అందక మీట తిప్పి నాలుగు వేళ్ళు కిందికి దించుకున్నా.

నీ మిషనుకు నా చెయ్యి నచ్చలేదు. పొద్దున్నుంచి మూడు సూదులు విరిచింది. నీలాగే మొండిది.

బావను నీళ్ళలోకి వెళ్ళనివ్వకు. ఆయనకు ఈత రాదు, వచ్చని చెబుతాడు.

చెల్లి


విశ్రాంతి గృహం
ఎనిమిదో రోజు

చెల్లీ,

నువ్వన్నది నిజమే, మీ బావకు ఈత రాదు. ఆ సంగతి మూడో రోజు ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ తెలిసింది. ఇప్పుడు ఇసుకలోనే ఉంటున్నాడు. అది కూడా ఎంతసేపు? నీళ్ళ మోటారు చెడిపోతే, "మీరు మెకానిక్కు కదా" అని పిలిచారు. మోటారు అయింది, ఫ్యాన్లు అయ్యాయి, ఇప్పుడు గేటు తలుపు ఊడదీసి కూర్చున్నాడు. ఈ కుటుంబంలో విహారం చేస్తున్నది బొంగరం ఒక్కతే.

మొన్న కంపెనీ పత్రికకు ఫోటో తీశారు. నా కడుపు ఫోటోలో కనపడకూడదట. "ఆరోగ్యంగా ఉన్న కార్మికులనే వేస్తామమ్మా" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఇది జబ్బు కాదు నాయనా అన్నాను. ఆయన పెద్ద పూలకుండీ తెచ్చి నా ముందు పెట్టాడు. మొక్క చిన్నదైపోయింది, ఇంకోటి తెచ్చాడు. చివరికి ఆ ఫోటోలో తోట బాగా పడింది. ఒక మూల నా తల.

ఒకటో నంబరు గదిలో మన మేనేజరు గారి భార్య ఉంది. వేసవి అంతా ఇక్కడే ఉంటుందట. మేనేజరమ్మ మనిషి చెడ్డది కాదు. ఎవరి చేతులైనా ఖాళీగా కనపడితే మాత్రం ఆమెకు జాలేస్తుంది. "ఊరికే కూర్చుంటే కాళ్ళు వాస్తాయి. ఈ గెస్టుహౌసు కర్టెన్లకు అంచులు కుట్టాలి, పద్నాలుగున్నాయి, నీకు చిటికెలో పని" అంది. మిషను లేదండీ అన్నాను. "చేతితో కుడితేనే అందం" అంది. రేపు గుడ్డ ఇస్తారట.

ఇంకో విశేషం. కత్తెర దగ్గర్నుంచి కాగితం వచ్చింది. "మీ ఆరోగ్యము దృష్ట్యా విహారము మరో పదిహేను రోజులు పొడిగించడమైనది. సీటు గురించి చింతించవలదు." మొత్తం ఇరవై ఐదు రోజులు. మీ బావ పొంగిపోయాడు. నేను ఆ కాగితం మడిచి పెట్టాను. నువ్వేమంటావు?

అక్క


కుట్టు విభాగం
పదో రోజు

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. పొడిగించడం మంచి విషయమే. సముద్రపు గాలి ఒంటికి మంచిదంటారు. ఇక్కడ అంతా బాగానే ఉంది. పని బాగానే సాగుతోంది. సూపర్‌వైజరు గారు కూడా ఈ మధ్య మంచిగానే ఉంటున్నారు. మొన్న ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

నీ మిషను ఇప్పుడు సూదులు విరవడం లేదు. అలవాటు పడింది.

బొంగరానికి ముద్దులు. నువ్వు విశ్రాంతి తీసుకో. సీటు గురించి ఆలోచించకు.

చెల్లి


విశ్రాంతి గృహం
పన్నెండో రోజు

చెల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో ఒక్క తిట్టు లేదు. నీకు మాటలొచ్చిన రోజు నుంచీ నేను నిన్ను ఎరుగుదును. నువ్వు కత్తెరను "గారు" అన్నావంటే ఒంట్లో బాగాలేదన్నా అవ్వాలి, ఏదో దాస్తున్నావన్నా అవ్వాలి. ఆఫీసు గదిలో కుర్చీలున్నాయని కూడా మనవాళ్ళకు తెలియదు. నీకు టీ ఎందుకిచ్చాడు?

నేను బాగానే ఉన్నాను. కాస్త నలతగా ఉంటే మీ బావ పడుకోమన్నాడు, పడుకున్నాను. పడుకునే కుడుతున్నాను. నాలుగు కర్టెన్లయ్యాయి.

సమాధానం రాయి. తిడుతూ రాయి.

అక్క


ఇంటి మెట్ల మీద
పద్నాలుగో రోజు, సెలవు పూట

అక్కా,

రాస్తున్నా. చదివాక నువ్వే తిట్టు.

ఐదో రోజు కత్తెర పిలిచాడు. టీ ఇచ్చాడు, బిస్కెట్టు కూడా పెట్టాడు. "నీకు పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, కళ్ళు బాగున్నాయి, వేళ్ళు బాగున్నాయి" అని ఒక్కోటీ చెబుతూ పోయాడు. పళ్ళు కూడా తెరిచి చూస్తాడేమో అనుకున్నా. తర్వాత ఒక కాగితం తోశాడు. పర్మినెంటు. ఆ మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఏడో తరగతితో చదువు ఆపేసి, పొట్లం కట్టిన కాగితం కూడా వదలకుండా చదివి ఇంతదాన్నయ్యా. ఆ ఒక్క కాగితం మాత్రం చివరిదాకా చదవలేదు. "మరి మా అక్క?" అన్నా. "మీ అక్కకు తేలిక పని చూస్తాంలే" అన్నాడు. సంతకం పెట్టా.

ఐదు రోజులు నాకు సంతోషంగా ఉంది అక్కా. అదీ దాచను. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి పొద్దున లేచి, ఇవాళ ఎవరి కుర్చీ ఖాళీ ఉంటుందా అని వెతుక్కోకుండా వెళ్ళా. నీకు రాసిన ఉత్తరం అప్పటిదే. దొంగకు మర్యాద ఎక్కువ.

నిన్న మంటలార్పే బకెట్ల వెనక అంటించిన నిబంధనల కాగితం చదివా. బకెట్లు జరిపి, కూర్చుని, మొత్తం. పర్మినెంటు మనిషి వరసగా ఇరవై నాలుగు రోజులు కంపెనీ పని చెయ్యకపోతే, కారణం ఏదైనా సరే, ఆ సీటు పోతుంది. దాని మీదున్న బదిలీది అవుతుంది. సెలవైనా అంతే. బహుమతి విహారమైనా అంతే. అందుకే అక్కా పది రోజులు ఇరవై ఐదయ్యాయి.

సీటు పోతే నువ్వు కొత్తగా బదిలీగా చేరాలి. బదిలీకి ప్రసవం సెలవు లేదు. ఏడో నెల కడుపుతో బదిలీగా వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఒక్క కాన్పు సెలవు ఇవ్వకుండా ఉండటానికి వాడు నీకు సముద్రం చూపించాడు. ఇంకో పసిబిడ్డ వస్తే ఆ గది మళ్ళీ అడుగుతావని వాడి భయం.

వెంటనే బయల్దేరి రా. ఒక్క రోజు వచ్చి నీ సీట్లో కూర్చుంటే చాలు.

చెల్లి


విశ్రాంతి గృహం
పదహారో రోజు

నాలుగో లైను ఆపరేటరు గారికి,

మీ ఉత్తరం అందింది. మీకు ఉద్యోగం పర్మినెంటు అవుతున్నందుకు అభినందనలు. కుర్చీ నాలుగు వేళ్ళు దించుకున్నారని రాసినప్పుడే నాకు అర్థం కావలసింది. ఒక్క రోజు కూర్చునేవాళ్ళు కుర్చీ దించుకోరు, అంచు మీద కూర్చుంటారు.

మీరు రమ్మన్నారు. నేను రాలేను.

పదకొండో రోజు పొద్దున నాకు రక్తం కనపడింది. మీ బావ పక్క వీధికి పరుగెత్తి నర్సమ్మను తీసుకొచ్చాడు. పదిహేను రోజులు మంచం దిగకూడదంది. ఆ వ్యానులో, ఆ రోడ్డు మీద వెళ్తే బిడ్డ దక్కదంది. కంగారు పడతావని నీకు రాయలేదు. నలత అన్నాను. నువ్వు ఒకటి దాస్తే నేనొకటి దాచాను, సరిపోయింది.

మంచం కాళ్ళ కింద మీ బావ ఇటుకలు పెట్టాడు. కాళ్ళు పైకి, తల కిందికి. అలా పడుకుని ఉంటే మేనేజరమ్మ పరామర్శకు వచ్చింది. పళ్ళు తెచ్చింది, ఇంకో ఆరు కర్టెన్లు తెచ్చింది. "పడుకుని ఏం తోస్తుంది పాపం" అంది.

బొంగరం నా పొట్ట మీద చెవి పెట్టి, "పాప నిద్దర" అంటుంది. నిద్రేనా అని ప్రతిసారీ నేను చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను. కదులుతోంది. ఈ పూటకు కదులుతోంది.

నాకు సీటు కావాలి చెల్లీ. మూడు నెలలు నాకు ఇంట్లో కూర్చునే హక్కు కావాలి. అయినా దాని కోసం దీన్ని పోగొట్టుకోలేను. నీకు నచ్చినట్టు చేసుకో.

అక్క


కుట్టు విభాగం
పద్దెనిమిదో రోజు

అక్కా,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక అంత దెబ్బ తినలేదు. బాగా కొట్టావు.

నర్సమ్మ చెప్పినట్టు విను. కదలకు. బయల్దేరావని తెలిస్తే సగం దారిలో బండికి అడ్డం పడుకుంటా.

నిన్న కత్తెర దగ్గరికి వెళ్ళి నా సంతకం కాగితం వెనక్కి ఇమ్మన్నా. నవ్వాడు. "నువ్వు వద్దంటే నీ వెనక ముప్పై మంది బదిలీలున్నారు. సీటు మాత్రం ఇరవై నాలుగో రోజున ఖాళీ అవుతుంది. దాంట్లో నువ్వు కూర్చుంటావా, బయటివాళ్ళు కూర్చుంటారా, అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోండి" అన్నాడు. నా చేతిలో కత్తెర ఉంది, నిజం కత్తెర. దాన్ని చూశా. తర్వాత నీ కాన్పుకు ఎవరు తోడుండాలి అనుకుని వచ్చేశా.

నాకు చేతనైంది చదవడం ఒకటే. బకెట్ల వెనక కాగితంలోని ఇరవై నాలుగు రోజుల నిబంధన ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతున్నా, అక్షరం వదల్లేదు:

"పర్మినెంటు కార్మికుడు/కార్మికురాలు ఇరవై నాలుగు రోజులు వరుసగా కంపెనీ పని చేయనిచో సీటు ఖాళీ అయినట్లు భావించబడును. ఈ మధ్యలో కంపెనీ ఆవరణలో ఎక్కడైనను, అధికారి ఆదేశముపై, ఒక పూటయినను కంపెనీ పని చేసినట్లు ముద్ర గల కాగితము చూపినచో లెక్క మరల ఒకటి నుండి ప్రారంభమగును."

ఎన్నిసార్లు చదివినా నాకు దారి కనపడలేదు. ఒక్క పూట చాలు. నువ్వు మంచం మీద, మిషను ఇక్కడ. ఆరు రోజులే ఉంది.

నన్ను తిట్టు, పర్లేదు. "మీరు" అనకు.

చెల్లి


విశ్రాంతి గృహం
ఇరవయ్యో రోజు

ఒసేయ్ చెల్లీ,

నీ ఉత్తరం చదివేటప్పుడు నా పొట్ట మీద పన్నెండో కర్టెను ఉంది. "కంపెనీ ఆవరణలో ఎక్కడైనను" దగ్గరికి వచ్చేసరికి సూది వేల్లో దిగింది. తల కిందికి ఉండటం వల్ల రక్తం మెదడుకు బాగా వెళ్తున్నట్టుంది. గేటు బోర్డు గుర్తొచ్చింది. ఇది కంపెనీ ఆవరణే కదా. ఈ కర్టెన్లు కంపెనీవే కదా.

మీ బావను పంపి రిజిస్టరు తాతయ్యను పిలిపించాను. రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"తాతయ్యా, కర్టెన్ల గుడ్డ స్టోరులోంచి తీసినట్టు రాశావా?"

"రాయకుండా ఎలా తీస్తానమ్మా. తొమ్మిదో రోజున నాలుగు, పదమూడున ఆరు, పదిహేడున నాలుగు. ముద్ర ఉంది, నకలు ఉంది."

"కుట్టింది ఎవరని రాశావు?"

ఆయన పేజీలు తిప్పాడు. ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. "పని చేసినవారు" అన్న గడి మూడు చోట్లా ఖాళీ. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క గడి ఖాళీగా వదల్లేదట. కుర్చీ మీద కూలబడ్డాడు. మీ బావ మంచినీళ్ళు ఇవ్వబోతే గ్లాసు బొంగరం లాక్కుంది. అది వేరే పేజీలో రాసుకున్నాడు.

"ఇప్పుడు నింపొచ్చు కదా తాతయ్యా, జరిగిందే కదా."

"నింపొచ్చు. ఆదేశం ఇచ్చినవారి సంతకం కావాలి."

"అమ్మగారు ఇచ్చారు. అధికారుల కుటుంబసభ్యుల మాట ఇక్కడ అధికారి ఆదేశమేనని నీ గది గోడ మీద రాసుంది. నీ బల్ల ఫ్యాను బాగుచేసినప్పుడు మా ఆయన చదివి వచ్చి నవ్వుకున్నాడు."

"అవునమ్మా, అది పెద్దలు రాయించారు, నేను నవ్వలేదు" అన్నాడు.

మేనేజరమ్మ ఆనందంగా వచ్చింది. తన పేరు రిజిస్టరుకు ఎక్కుతుందంటే ఎవరికి చేదు? కళ్ళజోడు పెట్టుకుని మూడు పేజీల మీదా సంతకం చేసింది. ఆఖరి పేజీలో తనంతట తనే ఒక వాక్యం కూడా రాసింది: "మంచం మీద ఉండి కూడా చాలా నీటుగా కుట్టినది." నేను రాయమనలేదు చెల్లీ. ఒట్టు.

తాతయ్య ముద్ర కొట్టాడు. మూడు పేజీలు, మూడు నకళ్ళు, ఆరు చప్పుళ్ళు. బొంగరం ఎగిరి గంతేసింది.

నకళ్ళు ఇందులో పెట్టాను. ఇది చూపిస్తే నీకు పర్మినెంటు ఉండదు. అది తెలిసే పంపుతున్నాను. దుప్పట్ల బండి వచ్చే టైమైంది.

అక్క


ప్యాకింగు విభాగం
ఇరవై నాలుగో రోజు, పని దిగాక

అక్కా,

పైన చిరునామా మారింది చూసుకో. ప్యాకింగు. అది తర్వాత చెబుతా.

ఇవాళ పొద్దున పది గంటలకు కత్తెర నన్ను మేనేజరు గదికి తీసుకెళ్ళాడు. బల్ల మీద టీ, బిస్కెట్లు, పర్మినెంటు ఉత్తర్వు. మేనేజరు పెన్ను మూత తీశాడు. నేను నీ మూడు నకళ్ళు ఉత్తర్వు మీద పరిచా.

"ఏమిటివి?" అన్నాడు మేనేజరు.

"మా అక్క పని చేసిన కాగితాలు సార్. తొమ్మిది, పదమూడు, పదిహేడు. ముద్ర ఉంది. లెక్క మళ్ళీ ఒకటి నుంచి."

కత్తెర చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "సార్, ఇది పని కాదు సార్. ఆమె విశ్రాంతిలో ఉంది."

"అలాగైతే అదే రాసివ్వండి" అన్నా. "విశ్రాంతి తీసుకోమని పంపిన గర్భిణి చేత, రక్తం పోయి మంచం పట్టినా, పద్నాలుగు కర్టెన్లు కుట్టించామని. సంతకం మీదైనా పర్లేదు. అది లేబరు ఆఫీసులో ఇస్తా."

కత్తెర ఇంకో దారి వెతుక్కున్నాడు. "సార్, ఈ సంతకం దొంగది అయ్యుండొచ్చు."

మేనేజరు నకలు ఎత్తి, కిటికీ వెలుగులో చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్ళు "చాలా నీటుగా కుట్టినది" దగ్గర ఆగాయి.

"ఇది మా ఆవిడ రాతే" అన్నాడు.

"అవునా సార్" అన్నాడు కత్తెర.

"ఈ సంతకం దొంగదని ఆమెకు ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

కత్తెర బిస్కెట్ల ప్లేటు వైపు చూశాడు. మేనేజరు పెన్ను మూత పెట్టేశాడు. "పని చేసింది. రాసుకో. లెక్క పదిహేడో రోజు నుంచి." నీ సీటు నీది అక్కా.

బయటికొచ్చాక కత్తెర మెల్లగా అన్నాడు: "నీ అన్నం నువ్వే నేలపాలు చేసుకున్నావు." మధ్యాహ్నానికి నన్ను ప్యాకింగుకు మార్చాడు. పెట్టెలకు టేపు అంటించడం. ఇక్కడ అసలు కుర్చీలే లేవు, నిలబడే పని. ఇక ఎవరి కుర్చీ దించాల్సిన అవసరం లేదు.

ఒక బిస్కెట్టు జేబులో వేసుకొచ్చా. బొంగరానికి.

నర్సమ్మ సరే అన్నాకే బయల్దేరు. మీరు వచ్చే వ్యాను డ్రైవరుకు మెల్లగా నడపమని చెప్పా. ఎలా చెప్పానో అడక్కు.

చెల్లి


ఆసుపత్రి, కాన్పుల వార్డు
మూడు నెలల తర్వాత

చెల్లీ,

ఫోను కొత్తది వచ్చింది, చెయ్యొచ్చు. ఫోన్లో అయితే నువ్వు తిడుతుంటే మధ్యలో నేను మాట్లాడలేను. అందుకే మళ్ళీ కాగితం.

అది వచ్చింది. ఆడపిల్ల. బరువు బాగానే ఉంది, గొంతు నీది. నర్సు పుట్టిన కార్డు మీద ముద్ర కొట్టగానే బొంగరం చప్పట్లు కొట్టింది. వార్డులో గ్లాసులన్నీ పై అల్మారాలో పెట్టించాను.

సెలవు ఉత్తర్వు చేతికొచ్చింది. మూడు నెలలు. కత్తెర రెండు చేతులతో ఇచ్చాడు, ముల్లు తీసినట్టు. దుప్పట్ల డ్రైవరు నిన్న చూడటానికి వచ్చి ఒక కబురు చెప్పాడు. విశ్రాంతి గృహంలో కొత్త బోర్డు పెట్టారట: "అతిథులు ఎటువంటి పనీ చేయరాదు. అతిథులచే పని చేయించరాదు. ఉల్లంఘించినచో కఠిన చర్య." అంటే ఆ కంపెనీలో నిజంగా విశ్రాంతి తీసుకోబోయేది మా తర్వాత వెళ్ళేవాళ్ళే. కర్టెన్లలో రెండింటికి సగం అంచే కుట్టాను. అలాగే వేలాడుతున్నాయట. పూర్తి చెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు.

తిరిగొచ్చాక రెండు నెలలు ఒకే కప్పు కింద పని చేశాం, మధ్యాహ్నం ఒకే డబ్బా తిన్నాం, ఆ కుర్చీ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నేను వచ్చేసరికి అది నా ఎత్తుకే ఉంది. ఎవరు పైకి జరిపారో అడగలేదు. నిన్ను "మీరు" అన్నందుకు నేనేమీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. పిల్ల మొహం చూడటానికి రా.

నా సీటు మీద మళ్ళీ నిన్నే వేశారని డ్రైవరు అన్నాడు. నిజమేనా? అయితే కుర్చీ దించుకో. నడుము పట్టేస్తుంది.

అక్క


కుట్టు విభాగం, నాలుగో లైను
మర్నాడు, టీ విరామం

అక్కా,

నిజమే. నీ మిషను ముగ్గురు బదిలీల చేతుల్లో పదకొండు సూదులు విరిచింది. చివరికి కత్తెర ప్యాకింగుకు వచ్చి, టేపు వంక చూస్తూ, "నువ్వు వస్తావా" అన్నాడు. కాగితం అడిగా. ప్రసవం సెలవులో ఉన్న మనిషి సీటు ఖాళీ కిందికి రాదని, ఆమె వచ్చిన రోజున బదిలీ లేవాలని రాయించుకున్నా. చివరి అక్షరం దాకా చదివా. ముద్ర కొట్టించా. చప్పుడు బాగానే ఉంది, బొంగరం తప్పేమీ లేదు.

కుర్చీ దించలేదు, దించను. పెడలు అందడానికి దారపు పెట్టె పలక ఒకటి ఊడదీసి దాని మీద కట్టుకున్నా. కత్తెర వంగి చూశాడు.

"ఇది ఎక్కడిది?"

"పసిపిల్లల గదిలోది."

"పెట్టె పగలగొడితే అందులో దారం ఎక్కడ పెడతారు?"

"మీ గదిలో."

నడుం నిటారు చేసుకుని పక్క లైనుకు వెళ్ళిపోయాడు. మేనేజరమ్మ కొత్త జాకెట్టుకు కొలతలు తీసుకోవడానికి రేపు నేను వెళ్ళాలని వాడికి తెలుసు. ఆమె నన్నే అడిగింది. మన ఇంటి పనితనం బాగుంటుందట.

ఆ గదిలో ఇంకా ముప్పై తొమ్మిది పెట్టెలున్నాయి. రోజుకొకటి మోస్తున్నా. నీ సెలవు అయ్యేలోపు నేల కనపడుతుంది, తుడిచి పెడతా. చిన్నదాన్ని తీసుకునే రా.

చెల్లి